నీళ్లు నిండుకున్నయ్

ఇంజన్ పనిలోకి కొత్తగా వెళ్లే పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఇంజన్ మొండికేస్తే ముందు ఏం చూడాలని అడుగుతుంటారు. రైలు వచ్చాక, పత్తి మిల్లులు వచ్చాక ఆ పని మీద వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. ముందు మనుషులను అడగండి, వాళ్లు ఏ మాట అన్నారో సరిగ్గా వినండి, ఆ తర్వాత ఇంజన్ దగ్గరికి పొండి. ఈ మాట అనగానే కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ముసలాయనకు చాదస్తం పట్టిందనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. చాదస్తం పట్టడానికి కారణం ఉంది, అదే ఇక్కడ రాస్తున్నాను.

మాది సిరొంచకు దగ్గర్లో రేగుంట. ఇనుము కొట్టే ఇల్లు. కొడవళ్లు, నాగటి కర్రులు, గొడ్డళ్లు చేసుకుంటూ బతికేవాళ్లం. గోదావరిని సముద్రం నుంచి ఎగువ దాకా పడవలు నడిచే దారి చెయ్యాలని సర్కారు అనుకున్న కాలం అది. బండలు అడ్డం వచ్చిన చోటల్లా కాలువలు తవ్వుతుండేవారు. దిగువన బండల దగ్గరున్న పనుల క్యాంపుకూ, ప్రాణహిత ఒడ్డున సిరొంచ రేవుకూ నడుమ ఒక పొగపడవ తిరిగేది. సుత్తి పట్టడం వచ్చినవాడు కావాలంటే నన్ను తీసుకున్నారు. నా జీవితంలో నేను చేసిన అసలు పని అదే. ఆ తర్వాత చేసినవన్నీ అక్కడ నేర్చుకున్నవే.

ఎప్పుడు నాకు ఏ హోదా వచ్చింది, ఏ దొర ఏం సంతకం చేశాడు అన్నవి రాయను. అవి నాకే గుర్తులేవు.

మొండికేసినప్పుడు

పొగపడవ ఇంజన్ అంటే భయపడాల్సింది ఏమీ లేదు. పొయ్యి ఉంటుంది, దాని మీద నీళ్ల బాన ఉంటుంది, దాన్నే బాయిలర్ అంటారు. నీళ్లు మసిలి ఆవిరి అవుతాయి. ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ చక్రాన్ని తిప్పుతుంది. కాబట్టి ఇంజన్ కదలకపోతే చూడాల్సినవి నాలుగే. నిప్పు, నీళ్లు, ఆవిరి, ఆవిరి పోయే దారి. ఈ వరస తప్పొద్దు. తప్పినవాడు మధ్యాహ్నం దాకా చెమటోడ్చి, మళ్లీ మొదటికే వస్తాడు.

నిప్పు సంగతి చెప్తాను. ఒక ఏడు పొయ్యి రాజేస్తే పొగంతా కిందికే వచ్చింది. కళ్లు మండిపోయి అందరం గట్టు మీదికి ఉరికాం. ఒకడు కట్టెలు పచ్చివన్నాడు, ఇంకొకడు దిష్టి తగిలిందన్నాడు. ఇంజన్ బాధ్యత మోసే మా ఉస్తాద్ పైకెక్కి పొగగొట్టంలోకి తొంగి చూస్తే, పై అంచున గోరింక గూడు కట్టింది. పిల్లలు కూడా ఉన్నాయి. పనులు చూసే దొర ఒడ్డున నిలబడి తొందర పెడుతున్నాడు. ఉస్తాద్ మాత్రం గూడును రెండు చేతులా ఎత్తి, దించి, రేవు పక్కనున్న చింతచెట్టు పంగలో కూర్చోబెట్టే దాకా పొయ్యి ముట్టనివ్వలేదు. తల్లి గోరింక రేవంతా వినపడేలా తిట్టింది. ఉస్తాద్ ఆ తిట్లన్నీ తల వంచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ప్రాణం.

దారి సంగతి ఇంకొకటి. పిస్టన్ సరిగ్గా పై కొసకు పోయి ఆగినా, అడుగుకు దిగి ఆగినా, ఆవిరి ఎంత తోసినా చక్రం తిరగదు. తలుపును దాని మడతబందు దగ్గర పట్టుకుని తోసినట్టు ఉంటుంది. అప్పుడు గడ్డపార వేసి చక్రాన్ని ఇంత కదిలిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక ఇంజన్‌ను విప్పి కుప్ప పోసినవాళ్లను చూశాను. సుత్తి ఎత్తిన వాళ్లను కూడా చూశాను. సుత్తి నా కులవృత్తి, అయినా చెప్తున్నాను, ఇంజన్ మొండికేసినప్పుడు సుత్తి పట్టుకున్నవాణ్ని ముందు అక్కణ్నించి పంపెయ్యండి.

ఉస్తాద్, దొర, మేము

ఉస్తాద్ పేరు ఇబ్రహీం. నర్మద వైపు మనిషి. బొంబాయి ఓడల దగ్గర పని నేర్చుకుని, ఎట్లా కొట్టుకొచ్చాడో మా సిరొంచకు కొట్టుకొచ్చాడు. సిరొంచలో పాత ముసల్మాన్ కుటుంబం ఒకటి ఆయనకు ఒక గది ఇచ్చి, మెల్లగా ఇంటి మనిషిని చేసుకుంది. తలకు ఎప్పుడూ తెల్లటి సాఫా చుట్టుకుని ఉండేవాడు. బాయిలర్ కింద దూరినా, ఏట్లో మునిగినా ఆ సాఫా తియ్యగా ఎవరం చూడలేదు.

ఆయన తెలుగు బజార్లో నేర్చుకున్న తెలుగు. అందులో మగవాళ్లు లేరు. 'దొర వచ్చింది', 'లస్మయ్య తిన్నది', 'పోచం పండుకున్నది' అనేవాడు. లస్మయ్యను నేనే. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేవాణ్ని, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా నన్ను 'వచ్చిండు' అంటే, ఒక్కోసారి ఆ 'వచ్చింది' వినపడలేదే అని బెంగగా ఉంటుంది.

దొర తెలుగు మరో రకం. ఆయన సముద్రం వైపు ఎక్కడో పంతులు దగ్గర పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నాడు. రేవు గట్టు మీద నిలబడి, "యంత్రమేల చలింపదు?" అని అరిచేవాడు. మాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కానీ ముఖం చూసి తెలుసుకునేవాళ్లం. మంచివాడే. ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు, తన గొడుగు కిందికి కూలివాణ్ని పిలిచి నిలబెట్టిన రోజులూ ఉన్నాయి. ఓపిక మాత్రం లేదు. గట్టు మీది నుంచి తొందర పెట్టే పైవాడు ఇంజన్‌కు తుప్పు లాంటివాడని నా అభిప్రాయం. మీకూ అలాంటి పైవాళ్లు దొరుకుతారు. వాళ్లను గౌరవించండి, పని మాత్రం మీ వరసలో మీరు చెయ్యండి.

ఇక పోచం. పొయ్యి అతనిది. కట్టెలు వెయ్యడం, బూడిద లాగడం, బాయిలర్‌లో నీళ్లు చూసుకోవడం. ఏటి ఒడ్డున పెరిగిన మనిషి, మాట తక్కువ, పట్టింపులు ఎక్కువ. రోజూ పొయ్యి అంటించే ముందు దానికి దండం పెట్టేవాడు. ఇట్లా ఒక్క పడవలో మూడు తెలుగులు ఉండేవి. దొరది పుస్తకాల తెలుగు, ఉస్తాద్‌ది బజారు తెలుగు, మాది ఇంటి తెలుగు. అన్నేళ్లు ఆ పడవ నడవడమే గొప్ప అనుకుంటాను.

తొలకరి

ఎండాకాలం ప్రాణహిత పాయలుగా చీలి, నడుమ ఇసుక దిబ్బలు తేలుతాయి. ఆ దిబ్బల మీద మావాళ్లు పుచ్చ, దోస, కర్బూజ పాదులు పెడతారు. పోచం వాళ్లకు రేవుకు కొంచెం ఎగువన ఒక దిబ్బ మీద పాదులు ఉండేవి. ఆ ఏడు ఆఖరి కాయలు కోసుకోవడానికి అతని తల్లి, అతని భార్య ఎల్లవ్వ, ఇద్దరు చిన్నపిల్లలు అక్కడే గుడిసెలో ఉన్నారు. ఇంకో రెండు రోజుల్లో దిబ్బ ఖాళీ చేద్దామని అనుకుంటున్నారు.

మా దగ్గర చినుకు పడలేదు. పైన ఎక్కడో కురిసింది. తెల్లవారేసరికి ఏటి రంగు మారింది. తర్వాత నురగ వచ్చింది, ఆ తర్వాత విరిగిన కొమ్మలు వచ్చాయి. పొద్దెక్కేసరికి దిబ్బకూ గట్టుకూ నడుమ మోకాలి లోతు పాయ పెద్ద ఏరైపోయింది. రేవులోని నాటుపడవల వాళ్లు ప్రయత్నించారు. వరద వాళ్లను దిగువకు కొట్టేసింది. గట్టు మీది నుంచి చూస్తే, దిబ్బ మీద గుడిసె పక్కన కాపలా మంచె, దాని మీదికి ఎక్కుతున్న మనుషులు కనపడుతున్నారు.

మిగిలింది పొగపడవే. అది వేసవంతా రేవు మడుగులో కదలకుండా కట్టి ఉంది. తొలకరికి సిద్ధంగా ఉండాలని కొన్నాళ్ల కిందటే బాయిలర్‌లో నీళ్లు నింపి పెట్టాం. దొర ఆ వేళ దిగువ క్యాంపులో ఉన్నాడు. ఉస్తాద్ ఎవరి హుకుం కోసమూ ఆగలేదు. పడవలోకి దూకుతూనే నిప్పు అంటించమన్నాడు.

పోచం ఆ రోజు పొయ్యికి దండం కూడా పెట్టలేదు. నేను కింద చక్రం దగ్గర కీళ్లకు నూనె పోస్తున్నాను. పైన పొయ్యి ముందు ఉస్తాద్, పోచం ఏదో అనుకున్నారు. కట్టెలు పడేసే చప్పుడులో నాకు వినపడలేదు.

ఆవిరి చూపించే ముల్లు ఎన్నడూ లేనంత తొందరగా లేచింది. పోచం ముఖం వెలిగింది. ఉస్తాద్ వాల్వు తిప్పాడు. ఇంజన్ బుస్సుమని, ఒళ్లంతా వణికి, సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. ముల్లు దబ్బున కిందికి పడింది. మళ్లీ కట్టెలు వేశాం. మళ్లీ ముల్లు లేచింది. మళ్లీ బుస్సుమని పడిపోయింది. గట్టు మీద జనం మూగారు. పోచం ఏటి వైపు చూడకుండా కట్టెలు వేస్తూనే ఉన్నాడు.

నేను గడ్డపార వేసి చక్రం తిప్పి చూశాను. తేలిగ్గా తిరిగింది. పిస్టన్ కింది కుళాయి తెరిచాను, అడ్డం ఏమీ లేదు. దారి బాగుంది. నిప్పు ముఖం మాడ్చేలా ఉంది. ఆవిరి వస్తోంది, కానీ నిలవడం లేదు. చిన్న గిన్నెలో నీళ్లు తొందరగా మసులుతాయి, తొందరగానే ఇగిరిపోతాయి. ఆ పోలిక మనసులోకి రాగానే నీళ్లు చూసే గాజుగొట్టం వైపు తిరిగాను. అందులో సగం దాకా నీళ్లున్నాయి. అయినా నా అనుమానం తీరలేదు.

నీళ్లు చూశావా అని ఉస్తాద్‌ను అడిగాను. చూడటమెందుకు, పోచంనే అడిగానన్నాడు.

"నిండినయ్ అని చెప్పింది."

"నిండినయ్ అన్నడా ఉస్తాద్? అదే మాట అన్నడా?"

ఆయనకు విసుగొచ్చింది. "నిండినయ్, నిండుకున్నయ్, ఏదో ఒకటి. ఏంది ఫరక్?"

నేను పోచం వైపు తిరిగాను.

ఫరక్ ఏమిటో మన ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. గడప దాటేవాడు పోతున్నాననడు, వస్తానంటాడు. లేదన్న మాట నోట పలికితే ఆ లేమి వచ్చి ఇంట్లో కూర్చుంటుందని భయం. ఈ పట్టింపులో పోచం మా అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. పొయ్యి ఎక్కడుంటే అదే అతనికి వంటిల్లు. ఆలుబిడ్డలు నీళ్ల నడుమ చిక్కుకున్న ఆ పూట, పొయ్యి ముందు నిలబడి 'లేవు' అన్న మాట అతని నోట ఎట్లా వస్తుంది?

నేను గబగబా అతన్నే అడిగాను. పోచం నా వైపు వింతగా చూశాడు. "చెప్పిన గద అన్నా. నీళ్లు సూసే కింది కుళాయి తిప్పితె సుక్క రాలే. నిండుకున్నయని చెప్పిన, ఉస్తాద్ అచ్ఛా అన్నడు. నడిస్తె అదే తాగుతది గద అనుకున్న."

అతను అనుకున్నదీ తప్పు కాదు. ఇంజన్‌తో పాటే తిరిగి ఏట్లోంచి నీళ్లు తోడే పంపు ఒకటి ఉంది. ఒకసారి కదిలితే బాయిలర్ తన నీళ్లు తనే తెచ్చుకుంటుంది. ఉస్తాద్‌కు అన్నీ తెలుసు, ఆయనే అచ్ఛా అన్నాక తనకెందుకని పోచం ఊరుకున్నాడు. నింపిన నీళ్లు అడుగు కుళాయిలోంచి రోజూ ఇంత కారిపోయాయని, గాజుగొట్టం కింది దారిలో ఒండ్రు పేరుకుని పాత నీళ్లు అందులో అట్లాగే నిలిచిపోయాయని మాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే. అడుగున గుక్కెడే మిగిలిన బాన కింద మేం మంట పెడుతున్నాం.

నిప్పు గుంజడం

సంగతి అర్థం కాగానే పోచం బిందె అందుకుని ఏట్లో ముంచి, బాయిలర్ పైమూత విప్పబోయాడు. ఉస్తాద్ అతని చెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎర్రగా కాలిన రేకు మీద చన్నీళ్లు పడితే ఒక్కసారిగా పుట్టే ఆవిరిని ఏ బాయిలరూ ఓర్చుకోలేదు. పగిలి ముక్కలవుతుంది, పక్కనున్నవాళ్లు మిగలరు.

"పోచం, ఇప్పుడు నీళ్లు పోస్తె పడవ నీ పెండ్లాం దగ్గరికి పోదు. దీని ముక్కలు పోతయ్. నిప్పు గుంజు."

"ఆగితె వాళ్లు..." అని పోచం ఆగిపోయాడు. ఆ మిగిలిన మాట అతను అనడు.

"మాలూమ్. గుంజు."

తను పేర్చిన నిప్పును పోచం తనే గుంజాడు. ఒక్కొక్క పార నిప్పు ఏట్లో పడి చుయ్యిమంది. గట్టు మీద జనానికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. కొందరు ఉస్తాద్‌ను తిట్టారు. ఎక్కడి మనిషో, మనవాళ్ల ప్రాణాలంటే ఇతనికేం లెక్క అన్న మాట కూడా వినపడింది. ఆయనకూ వినపడే ఉంటుంది. తలెత్తలేదు.

ఆ తర్వాత ఆగడం. మా పనిలో అన్నిటికంటే కష్టమైనది అదేనని నేను ఇప్పటికీ అంటాను. చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి విప్పుదామనిపిస్తుంది, బిగిద్దామనిపిస్తుంది. ఆ పూట చెయ్యాల్సిన పని మాత్రం రేకు చల్లారే దాకా ఊరికే కూర్చోవడం. పోచం పడవ అంచున కూర్చుని దిబ్బ వైపే చూస్తున్నాడు. గుడిసె కప్పు తేలి వెళ్లిపోయింది. మంచె కాళ్లు సగం మునిగాయి. ఉస్తాద్ వెళ్లి అతని పక్కనే, భుజం తగిలేలా కూర్చున్నాడు. మధ్యమధ్య ఉస్తాద్ లేచి వెళ్లి రేకు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. పోచం ప్రతిసారీ ఆయన ముఖం వైపు ఆశగా చూసేవాడు. ఆ చూపు చూడలేక నేను కిందికి దిగిపోయాను.

చివరికి ఆయన చెయ్యి రేకు మీదే నిలిచింది. దీపం పట్టుకుని పొయ్యిలో తల దూర్చి, రేకు ఎక్కడా ఉబ్బలేదని చూసుకుని బయటికొచ్చాడు. చేతిపంపుకున్న తోలు ఎండాకాలంలో పగిలిపోయింది. దాంతో బిందెలు, కుండలు, ఏది దొరికితే అది పట్టుకుని రేవు నుంచి పడవ దాకా జనం వరసగా నిలబడ్డారు. ఇందాక తిట్టినవాళ్లూ అందులో ఉన్నారు. అయితే వరదనీళ్లు నిండా బురద. అట్లాగే పోస్తే మళ్లీ దారులన్నీ మూసుకుంటాయి. ఉస్తాద్ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తలకున్న సాఫా విప్పి, మడతలు వేసి, నీళ్లు వడపోసేలా మూత విప్పిన నోటికి కట్టాడు. ఆయన బట్టతలను రేవంతా మొదటిసారి చూసింది. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ నిప్పు పెట్టాం. ఈసారి పోచం దండం పెట్టుకున్నాడు. ముల్లు మెల్లగా, చాలా మెల్లగా లేచింది. అట్లా లేవడమే మంచిదని నాకు తెలుసు. అయినా ఆ ముల్లును వేలితో పైకి నెట్టాలనిపించింది. ఉస్తాద్ వాల్వు తిప్పాడు. ఇంజన్ బుస్సుమంది, కదల్లేదు. పోచం నోరు తెరిచి నా వైపు చూశాడు. పిస్టన్ పై కొసన ఆగి ఉంది, అంతే. నేనూ పోచం కలిసి గడ్డపార మీద ఒరిగాం. చక్రం ఇంత కదిలింది, ఆ తర్వాత గడ్డపార మా చేతుల్లోంచి లాక్కుని మరీ తిరిగింది. పొగగొట్టం దగ్గడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

పొద్దు వాలుతుండగా దిబ్బ చేరాం. దిబ్బ అంటే అక్కడ దిబ్బ లేదు, నీళ్లలోంచి లేచిన మంచె ఒక్కటే ఉంది. ఎల్లవ్వ ఇద్దరు పిల్లలనూ తన కొంగుతో మంచె గుంజకు కట్టి, తను వాళ్ల చుట్టూ చేతులు వేసి పట్టుకుని ఉంది. పోచం పిల్లలను ఒక్కొక్కరినే దించుకున్నాడు, తర్వాత ఎల్లవ్వను. తల్లి మాత్రం దోసకాయల గంప ముందు తీసుకుంటే గానీ దిగనంది. ఉస్తాద్ తన బట్టతల మీద ఆ గంప పెట్టుకుని దించాడు.

ముసలమ్మ పడవలో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక, కొడుకును నిలదీసింది.

"గింత పొద్దుదాక ఏం జేసిండ్రు కొడుకా?"

"నీళ్లు నిండుకున్నయమ్మా," అన్నాడు పోచం.

ఆమె చుట్టూ ఒకసారి చూసింది. గట్టు నుంచి గట్టు దాకా ఎర్రటి నీళ్లు. "నాకు కనవడ్తలెవ్వా? పొద్దటిసంది సూస్తనే ఉన్న."

నాకు నవ్వు ఆగలేదు. ఉస్తాద్‌కు సంగతి విడమరిచి చెప్పాను. ఆ మాటకు అర్థం ఏమిటో, పోచం ఎందుకట్లా అన్నాడో, ఇప్పుడు వాళ్లమ్మ ఏమనుకుందో అన్నీ చెప్పాను. ఆయన కట్టెల కుప్ప మీద కూలబడి, బురద సాఫాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వో ఏడుపో నాకు తెలియదు, రెండూ అయి ఉంటాయి.

"మా జబాన్ల గూడ గిట్లనే ఉన్నది లస్మయ్యా. దుకాణ్ బంద్ జేసేటప్పుడు బంద్ అనం. దుకాణ్ బఢావ్ అంటం, పెంచు అని. మా అమ్మ దియా గూడ పెంచేది, ఆర్పేది కాదు. నాకు ఎందుకు తట్టలే?"

చెంబు

మర్నాడు ఉస్తాద్ పోచంను పిలిచి, ఇక నుంచి ఉన్నయ్, లేవు, ఈ రెండే మాటలు చెప్పమన్నాడు. పోచం తల వంచుకుని నిలబడ్డాడు. ఆలుబిడ్డలను తెచ్చి ఇచ్చిన మనిషికి ఎదురు చెప్పడం అతనికి చాలా కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పాడు.

"పొయ్యి ముందల ఆ మాట అనలేను ఉస్తాద్. పని తీసేస్తె తీసెయ్."

ఇంకెవరైనా తీసేసేవారే. నేను తర్వాత పనిచేసిన చోట్ల పైవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను, పదిమందిలో తొమ్మిదిమంది తీసేస్తారు. ఉస్తాద్ తీసెయ్యలేదు. మర్నాడు ఇంటి నుంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చి బాయిలర్ ముందు అరమీద పెట్టాడు. నీళ్లుంటే చెంబు నిలబెట్టి ఉంచాలి. లేకపోతే బోర్లించాలి. నోటితో ఏమీ అనక్కర్లేదు. చెంబు బోర్లా కనపడితే ఎవరు చెప్పినా సరే నిప్పు అంటించకూడదు, ఉన్న నిప్పు గుంజెయ్యాలి. పోచం చెంబును చేతిలోకి తీసుకుని, కళ్లకద్దుకుని, నిలబెట్టాడు.

దొర క్యాంపు నుంచి వచ్చి చూసి, "ఈ చెంబేల?" అన్నాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయన పోచంను, ఉస్తాద్‌ను మార్చి మార్చి చూసి, "యుక్తము," అని ఒక్క మాట అన్నాడు. అది మెచ్చుకోవడమని ఉస్తాద్‌కు నేను చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత దొర ఎప్పుడు పడవెక్కినా ముందు చెంబు చూసేవాడు, తర్వాతే కేకలు మొదలుపెట్టేవాడు.

పిల్లలూ, మీరు ఏ ఊరికి పోయినా ఇది చెయ్యండి. నిప్పు దగ్గర, నీళ్ల దగ్గర పనిచేసేవాళ్లతో కూర్చుని, వాళ్ల ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటారో అడగండి. వాళ్ల మాట మార్చాలని చూడకండి. చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్న మాట అది, భయం వేసినప్పుడు నోటికి అదే వస్తుంది. మీరే ఆ మాట నేర్చుకోండి, లేకపోతే ఒక చెంబు తెచ్చుకోండి.

కొన్నేళ్లకు సర్కారు ఆ పనులు మానుకుంది. పొగపడవను విప్పి, ఇనుమంతా బండ్ల మీద తీసుకుపోయారు. ఆ రోజు ఉస్తాద్ చెంబు తీసి పోచం చేతిలో పెట్టాడు. ఆయన సిరొంచలోనే ఉండిపోయి, తాళాలు, తుపాకులు బాగు చేస్తూ బతికాడు. పోచం మళ్లీ పాదులు పెట్టుకున్నాడు, ఏటా మొదటి దోసకాయ ఉస్తాద్ ఇంటికే వెళ్లేది. నేను పత్తి మిల్లుకు పోయేదాకా రేగుంటలో మా కొలిమి దగ్గరే ఉన్నాను.

ఒకనాడు మధ్యాహ్నం నేను దాగలి దిమ్మె మీద నాగటి కర్రు సాగగొడుతుంటే పోచం వచ్చాడు. సిరొంచ నుంచి నడిచి వచ్చాడని కాళ్లకున్న దుమ్ము చూస్తే తెలిసింది. మా ఆవిడ మంచినీళ్లు ఇస్తే తీసుకుని పక్కన పెట్టాడు, తాగలేదు. ఏంది పోచం గిట్లొచ్చినవ్ అన్నాను. అతను నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. భుజం మీది మూట దించి, అందులోంచి ఇత్తడి చెంబు తీశాడు. నా ముందున్న దాగలి మీది కర్రును పక్కకు జరిపి, ఆ చెంబును దాని మీద బోర్లించాడు.

నేను సుత్తి కింద పెట్టి, కొలిమిలోని నిప్పంతా బయటికి గుంజేశాను. మా ఆవిడతో వస్తనని చెప్పి, పోచంతో సిరొంచకు, ఉస్తాద్ ఇంటి దారి పట్టాను.